సద్దు లేని బడి

బయమ్మ బడి వసారా ఊడ్వడం ఇది రెండోసారి. పొద్దు పొడవకముందే ఒకసారి ఊడ్చి, నీళ్ళు చిలకరించింది. పిల్లలు రావడం మొదలయ్యేసరికి రాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీల తెల్లటి పిండి గాలికి లేచొచ్చి మళ్ళీ అరుగంతా పరుచుకుంది. ఆ దుమ్ముకు సిగ్గూ లేదు, సెలవూ లేదు. ఇంకో రోజైతే చీపురు మూలన పడేసి, "పో, నీతో నేను పడలేను" అని కూర్చునేదే. ఈ రోజు కూర్చోలేకపోయింది. ఒంట్లో ఒకచోట నిలకడ లేదు. కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నడుం వంచి, గోడ మూలల్లోని దుమ్మును కూడా లాగి లాగి ఊడ్చింది.

ఎర్రబండ మున్సిపాలిటీ చైర్మన్, కౌన్సిలర్లు ఈ పూట చూడ్డానికి వస్తున్నారు. బడి గోడకవతల పార్కు అని పేరు పెట్టుకున్న జాగా ఒకటుంది. రెండు తుమ్మచెట్లు, విరిగిన ఉయ్యాల, నాలుగు మేకలు, అంతే ఆ పార్కు. దాన్ని బాగుచేసి నడవడానికి బాట వేస్తారట, ఫౌంటెన్ పెడతారట. ఊరికి వారానికోసారి నీళ్ళొదిలే వాళ్ళకు ఫౌంటెన్ కావలసొచ్చింది, ఏం చెప్తాం! జాగా చాలదు కాబట్టి బడిని కూడా అందులో కలిపేసుకోవాలని ఒక ఆలోచన. బడుల హద్దులు మార్చి, పాలిష్ కాలనీ పిల్లల్ని బైపాస్ అవతలి బడికి రాసేస్తే సరిపోతుందని ఇంకో ఆలోచన. రెండూ మధ్యాహ్నం సభలో తేలతాయి.

బయమ్మకు పార్కుతో ఏ పేచీ లేదు. ఆమె భయమంతా బైపాస్‌తోనే. రాతిపలకలు వేసుకుని తాడిపత్రి వైపు పోయే లారీలు ఆ రోడ్డు మీద పగలూ రాత్రీ అనకుండా తిరుగుతాయి. కాలనీలో ఈ బడి లేనప్పుడు ఆమె కూతురు చౌడేశ్వరి ఆ రోడ్డు దాటి బడికి పోయేది. మూడో తరగతిలో ఒకనాడు లారీ హారనుకు జడుసుకుని నడిరోడ్డు మీద నిలబడిపోయింది. మరుసటి రోజు పోనంది. కొట్టినా పోలేదు, బుజ్జగించినా పోలేదు. కొన్నాళ్ళు ఇంట్లో ఉండి, పాలిష్ ఫ్యాక్టరీలో రాళ్ళ మీద నీళ్ళు పోసే పనికి చేరింది. పెళ్ళయినా, బిడ్డ పుట్టినా ఇప్పటికీ ఆ పనే. ఆ బిడ్డ నందిని ఇప్పుడు ఈ బడిలో మూడో తరగతి. ఈ బడి పోతే నందిని కూడా తల్లి దారే పడుతుందని బయమ్మ భయం. నాలుగు రోజులుగా ఆమెకు అన్నం సహించడం లేదు.

బయమ్మ ఆ బడికి ఆయా. పొట్టి మనిషి. ఎప్పుడో రాతిపలక మీద పడి కుడిచేతి బొటనవేలు గోరు లేకుండా పోయింది. గొంతు పక్కన కూర్చున్న వాళ్ళకు వినబడితే గొప్ప. పిల్లల్ని పిలవాలంటే కేకేయదు, దగ్గరికి పోయి వీపు తడుతుంది. అది పుట్టుకతో వచ్చిన నెమ్మది కాదు, పెంపకం. యాడికి అనే ఊరి దగ్గర ఒక పల్లెలో ఆమె తల్లి పెద్ద రైతు ఇంట్లో కసువు చిమ్మేది. ఆ ఇంటికి పెద్దమనుషులొస్తే కూలివాళ్ళ పిల్లలు కనబడకూడదు, వినబడకూడదు. తల్లి ఆమెను పశువుల కొట్టంలోకి తోసి, నోట్లో బెల్లంగడ్డ పెట్టి, "ఇది కరిగేదంకా నోరు తెరవద్దు. తెరిస్తే చీమలు దూరతాయి" అనేది. ఊరకున్నంత ఉత్తమం లేదన్న మాట ఆమె అట్లా బెల్లంతో పాటే మింగింది.

వేసవి సెలవులకు ముందు ఇదే కడపటి రోజు. బడికి ఉన్నది ఒక్కరే టీచరు, ఇంద్రాణి. మార్కుల పని మీద ఆమెను మండలాఫీసుకు రమ్మన్నారు. పోతూ పోతూ, "బయమ్మా, కౌన్సిల్ వాళ్ళొస్తే నీళ్ళియ్యి. నేనొచ్చేదాకా పిల్లల్ని చూసుకో" అని చెప్పింది.

"నేను చూసుకుంటా. మీరు నిమ్మళంగా పోయి రాండి మేడమ్" అంది బయమ్మ.

చూసుకోవడం అంటే ఆమెకు తెలిసింది ఒక్కటే. ఇంటికి ఉరికి, వేయించిన చెనిక్కాయ గింజలు, బెల్లం కలిపి దంచి, గిన్నెడు తెచ్చింది. పార్కు వైపు కిటికీలు మూసింది. గది నిండా కూర్చున్న పిల్లల నోళ్ళలో ఒక్కొక్క ముద్ద పెట్టుకుంటూ వచ్చింది.

"పెద్దోళ్ళు వస్తాండారు. సద్దు చేయకుండా గమ్మునుండండి. బలే ఒద్దికైన పిల్లోళ్ళప్పా అనుకోని మన బడిని మనకే ఇడిసిపెడతారు" అని చెప్పింది.

నందిని ముద్దను ఒక బుగ్గకు తోసుకుని, "అవ్వా, సార్లొస్తే గట్టిగా పద్యం చెప్పమనింది కదా మేడమ్?" అంది.

"ఇప్పుడొద్దు బంగారూ. నోరు మూసుకో."

కార్లు వచ్చి పార్కు దగ్గర ఆగాయి. తెల్లబట్టల చైర్మన్, గొడుగుల కింద మరో పదిమంది. ఆ వార్డు కౌన్సిలర్ వీరప్ప అందరికంటే ముందు నడుస్తూ చేతులు తిప్పి తిప్పి చెబుతున్నాడు. "ఈడొద్దు సార్. బడి పక్కనే ఉండాది. పొద్దుగూకులూ పిల్లోళ్ళ గలాటా. వాకింగ్ చేసేటోళ్ళు నిలబడలేరు. పార్కు చెరువు కట్ట కాడ పెట్టుకుందాం."

చైర్మన్ గోడ దగ్గర నిలబడి చెవి ఒగ్గాడు. తుమ్మచెట్టు మీద ఒక కాకి అరిచి ఊరుకుంది.

"యాడప్పా గలాటా? సద్దే లేదే. ఇంత నిమ్మళమైన తావు ఊర్లో ఇంగోటి చూపీ నాకు" అన్నాడు. అందరూ నవ్వారు.

చెంబు, గ్లాసులు పట్టుకుని నిలబడ్డ బయమ్మకు ఆ మాట అమృతంలా వినిపించింది. మెచ్చుకున్నారు! సద్దు లేదని మెచ్చుకున్నారు! ఆమె గుండె పొంగింది.

వీరప్ప మూసిన కిటికీల వైపు చూసి, "బయమ్మక్కా, పిల్లోళ్ళు యాడబోయిరి?" అని గట్టిగా అడిగాడు.

ఆమె నోటి మీద వేలు పెట్టుకుని నవ్వింది. "లోపలే ఉండారన్నా. గమ్మునుండారులే" అంది తనకు మాత్రమే వినబడే గొంతుతో.

"లోపలికొచ్చి చూడండి సార్" అని వీరప్ప తొందరపడ్డాడు. "చూసేదేముందిలేప్పా. ఎండ సంపుతాంది" అంటూ చైర్మన్ గ్లాసెడు నీళ్ళు తాగి, "శుభ్రంగా పెట్టుకున్నావమ్మా" అని ఆయాకు చెప్పి కారెక్కాడు.

కార్లు పోయాక వీరప్ప మోటారు సైకిలు వెనక్కి తిప్పుకుని వచ్చాడు. బండి దిగి, ఓరగా ఉన్న తలుపులోంచి గదిలోకి తొంగి చూశాడు. గది నిండా పిల్లలు, బుగ్గలు ఉబ్బించుకుని, చేతులు కట్టుకుని.

"ఎంత పని చేసినావక్కా! నెల దినాల నుంచి నేను ఒకటే మాట చెప్తాండా వాళ్ళకు, ఆ బడి అల్లరికి పక్కన నిలబడలేరు సామీ అని. ఈ పొద్దు వచ్చి వింటే శ్మశానం మాదిరి ఉండాది. ఇంగ సభలో నా మాట ఎవరు నమ్ముతారు?"

"నాకు ఒక మాట చెప్పింటే బాగుండు కదన్నా..." అంది బయమ్మ.

"పిల్లోళ్ళు అరుస్తారు. అది కూడా ఒకరు చెప్పల్లనా?"

అతను పోయాడు. బయమ్మ గది తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచింది. "ఆడుకోండి, పోండి" అంది. అంతే, బడి అదిరిపోయింది. బెంచీలు దూకారు, గోడలెక్కారు, ఒకడినొకడు తరుముకుంటూ పార్కులోకి పడ్డారు. ఆ అరుపులకు మేకలు బెదిరి రోడ్డెక్కాయి. వినవలసిన వాళ్ళెవరూ లేరు. నా నోరు పడిపోను, నా చేతులు విరిగిపోను అని తనను తాను తిట్టుకుంటూ ఆమె వసారాలో ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగింది.

మధ్యాహ్నం అన్నాల వేళకు ఇంద్రాణి వచ్చింది. జరిగింది విని కుర్చీలో కూలబడింది. ఆమె కోప్పడలేదు. కోప్పడితే బయమ్మకు కొంత తేలికగా ఉండేది.

"నేను ఉద్యోగస్తురాల్ని బయమ్మా, నన్ను సభలో మాట్లాడనీరు. నువ్వు పో. మనవరాలు చదువుతున్న బడి. పిల్లలు లోపలే ఉన్నారు, నేనే మాట్లాడొద్దన్నాను అని చెప్పు చాలు. చెప్తావా?"

"చెప్తా మేడమ్" అంది బయమ్మ.

తినకుండానే బయల్దేరింది. తారు రోడ్డు చెప్పుల్లోంచి కాలుతోంది. దారి పొడుగునా ఆ నాలుగు మాటలే నమిలింది. సామీ, పిల్లోళ్ళు ఉండారు సామీ. తప్పు నాది సామీ. మొదట సామీ అనాలా, సార్ అనాలా? ఎట్లా అన్నా తప్పేమీ లేదు, నోట్లోంచి మాట రావడమే ముఖ్యం.

మున్సిపల్ ఆఫీసులో సభ హాలు తలుపు మూసి ఉంది. బయట స్టూలు మీద కూర్చున్న అటెండరు ఆమెను చూసి, "ఏం కావల్ల?" అన్నాడు. చెప్పింది. అతను చెడ్డవాడు కాదు. "సభ జరుగుతాంది పెద్దమ్మా. సద్దు చేయకుండా ఆ బెంచీ మీద కూచో. పిలుస్తారు" అన్నాడు.

కూచుంది. అదే ఆమె చేసిన రెండో తప్పు.

తలుపు సన్నటి చెక్కది. లోపల మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. లైట్ల సంగతి, కుక్కల సంగతి అయిపోయాయి. పార్కు పేరు వినబడగానే ఆమె లేచి నిలబడింది. వీరప్ప గొంతు హెచ్చింది: "ఆ పిల్లోళ్ళు బైపాస్ ఎట్ల దాటల్ల సార్?" ఇంకో గొంతు: "యాడప్పా పిల్లోళ్ళు? పొద్దున మనమంతా చూస్తిమి కదా, ఒక్కరన్నా ఉండిరా!" నవ్వులు. బయమ్మ తలుపు మీద చెయ్యి పెట్టింది. తోస్తే తెరుచుకుంటుంది. ఒక్క కేక వేస్తే చాలు. అటెండరు కళ్ళెత్తి చూసి, పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. ఆమె చెయ్యి తీసేసింది. లోపల బల్లలు చరిచారు. అటెండరు టీ కప్పుల పళ్ళెం ఎత్తుకుని లోపలికి పోయాడు.

కాసేపటికి వీరప్ప మెడ తుడుచుకుంటూ బయటికి వచ్చి, ఆమెను చూసి ఆగిపోయాడు.

"ఈడ్నే ఉండావా? లోపలికి రాకపోతివా అక్కా?"

"పిలుస్తామనిరి..."

"అడగందే అమ్మయినా పెట్టదు" అన్నాడు వీరప్ప. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది. "అయిపాయ. లీవులైనంక పిల్లోళ్ళందరూ బైపాస్ అవతల బడికే."

సాయంత్రం చౌడేశ్వరి ఫ్యాక్టరీ నుంచి వచ్చి, మోచేతుల దాకా అంటుకున్న రాతిపిండి కడుక్కుంటోంది. ఆమె మొగుడు గిరి సెలవులకని నందినిని ఉరవకొండలో తన తల్లి దగ్గర దింపడానికి సంచి సర్దుకుంటున్నాడు. బయమ్మ గడప దగ్గరే నిలబడి అంతా చెప్పింది. బెల్లం సంగతీ చెప్పింది, బెంచీ సంగతీ చెప్పింది. ఏదీ దాచలేదు.

చౌడేశ్వరి చెంబు కింద పెట్టింది.

"నేను బడి ఇడిసింది లారీకి జడుసుకొని అనుకుంటాండావు కదమా" అంది. "జడుసుకునింది నిజమే. రోడ్డు మీద నిలబడి ఏడుస్తాంటే నువ్వొచ్చి నా నోరు మూస్తివి. ఏడవద్దు, ఎవరన్నా చూస్తారు అంటివి. ఆ పొద్దు నువ్వు ఆ లారీ వాన్ని ఒక తిట్టు తిట్టింటే, బడిలో సారును ఒక మాట అడిగింటే, నేను మర్నాడు పోయేదాన్నే."



చౌడేశ్వరి మొగుడి వైపు తిరిగింది. "నందిని బట్టలన్నీ పెట్టు. ఇంగ అది ఆడ్నే సదువుకుంటాది. మీ అమ్మ ఇంటి ఎదురుగానే బడి."

"లీవులైనంక రాదా?" అంది బయమ్మ.

"వచ్చి ఏ రోడ్డు దాటల్ల?" అంది కూతురు. తర్వాత ముఖం తిప్పుకుని, "దానికి ఇప్పుడే చెప్పొద్దండి. బస్సు కాడికి నేను రాను. వస్తే పంపలేను" అంది.

గిరి సంచి మోసుకుని ముందు పోతుంటే, బస్టాండు దాకా మనవరాలి చెయ్యి పట్టుకుని బయమ్మే నడిచింది. నందిని ఎగిరెగిరి నడుస్తోంది. బస్సు వచ్చేదాకా రాతి అరుగు మీద కూర్చుని కాళ్ళూపుతూ మాట్లాడుతూనే ఉంది. తండ్రి వెంట బస్సెక్కే ముందు వెనక్కి తిరిగి, "అవ్వా, లీవులైనంక ముందర బెంచీ నాదే. ఎవ్వరినీ కూచోనీకు" అంది.

"సరేలే బంగారూ" అంది బయమ్మ. కళ్ళు తుడుచుకుంటే పిల్లకు తెలిసిపోతుందని తుడుచుకోలేదు.

బస్సు కదిలింది. అరుగు మీద పిల్ల నీళ్ళ సీసా ఉండిపోయింది. బయమ్మ దాన్ని అందుకుని పరుగెత్తింది. ఉరవకొండ దాకా పిల్లకు దాహమవుతుంది. అంతవరకే ఆలోచించింది, నోరు దానంతటదే తెరుచుకుంది.

"నందినీ! ఓ నందినీ! ఆపండప్పా బస్సు! నా బిడ్డ పోతాంది, ఆపండి!"

బస్టాండంతా తిరిగి చూసింది. సోడాబండి వాడు చేతిలో సీసా అట్లే పట్టుకుని నిలబడిపోయాడు. అంత గొంతు ఆ పొట్టి మనిషిలో ఎక్కడుందో! రొప్పుతూ మళ్ళీ అరిచింది, మళ్ళీ అరిచింది, గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. బస్సు మలుపు తిరిగి ఉరవకొండ రోడ్డెక్కింది.

"ఏమైందమ్మా?" అని ఎవరో దగ్గరికొచ్చి అడిగారు. ఆమె చేతిలో గులాబీరంగు సీసా, మూత మీద పిల్ల పంటి గాట్లు, లోపల సగం దాకా ఉన్న నీళ్ళు ఇంకా ఊగుతున్నాయి.