తెగులుమడిలో ఒక్క మొక్క

తెగులుమడి చుట్టూ కంచె, గేటు దగ్గర మందునీళ్ళ తొట్టి ఉంటాయి. లోపలికి వెళ్ళినవాళ్ళు బయటికొచ్చేటప్పుడు కాళ్ళూ చేతులూ ఆ తొట్టిలో ముంచి తీరాలి. ఆ మడిలో మట్టికి కావాలనే ఎండుతెగులు పట్టించి ఉంచుతారు. రకరకాల ఆముదం గింజలు అందులో నాటి, ఏది చస్తుందో ఏది తట్టుకుంటుందో చూస్తారు. దాదాపు అన్నీ చస్తాయి.

ఈసారి ఒకటి చావలేదు.

ఆ మడి ఉన్న విత్తన పరిశోధన కేంద్రంలో పూలగెలలకు గుడ్డసంచులు కట్టే ఆవిణ్ణి అందరూ సంచులక్క అంటారు. పక్క మొక్కల పుప్పొడి పడకుండా ఆ ఒక్క మొక్క గెలకు సంచి కట్టిన రోజే ఆవిడ చెల్లెలి ఇంటికి పరుగెత్తింది. ఇదే తెగులుతో వరసగా రెండు ఆముదం పంటలు ఎండిపోయి, చెల్లెలూ మరిదీ ఊరొదిలి పోవడానికి మూటలు కట్టుకుని ఉన్నారు.

"ఆగవే! తట్టుకునే మొక్క దొరికింది. దీని గింజలు మీ పొలంలోనే వేసి చూస్తామంది డాక్టరమ్మ. కౌలు కూడా ఇస్తారట."

డాక్టరమ్మ అంటే కేంద్రంలో ఆముదం చూసే శాస్త్రవేత్త.

"ఒక్క మొక్క మీద మా కాపురం నిలబెడతావా వదినా?" అని మరిది నవ్వాడు.

"మీరూరుకోండి" అంటూ చెల్లెలు మూట విప్పింది. తల్లి పోయిన నాటినుంచి ఆమెకు అక్క మాటే వేదం.

సంచులక్కకు మాత్రం ఆనాటినుంచి మనసు మనసులో లేదు. గాలి గట్టిగా వీచినా, మబ్బు పట్టినా పోయి ఆ మొక్క ఆకులు తడిమి చూసుకునేది.

గెల పండి ఎండింది. కోసేటప్పుడు చూద్దువుగాని రమ్మని చెల్లెలికి కబురుపెట్టి, ఆమె రాకముందే మడిలోకి దిగింది. మొక్క మొదట్లో గడ్డి పీకబోతే వేళ్ళకు ఎర్రమట్టి అంటింది. మడి అంతా తెగులు పట్టించిన నల్లరేగడి. ఇంకా తవ్వింది. మొక్క చుట్టూ చాటంత మేర, లోతుకంటా ఎర్రమట్టే.

అక్కడే కాపలా కాసే భర్తను కేకేసింది.

"ఇక్కడ మట్టెవరు పోశారు?"

"నేనే. విత్తకముందు. పాత మోడు పీకిన గొయ్యి అట్లాగే ఉండిపోయింది. నీకసలే మోకాలు బాగోదు, సంచి కట్టేటప్పుడు పైకే చూస్తావు. పడతావని నర్సరీ మట్టి తెచ్చి పూడ్చా." మెచ్చుకుంటుందేమోనని చూశాడు. "ఏం, సరిగ్గా చదును కాలేదా?"

"అయిందిలే" అంది.

పైన నాలుగు గుప్పిళ్ళ నల్లమట్టి చల్లితే ఎవరికీ తెలియదు. చెల్లెలు ఉండిపోతుంది. ఆ తర్వాత ఆ పొలంలో మొక్కలన్నీ తలలు వాల్చినప్పుడు, ఇంకో ఏడాది పోగొట్టుకుని, అక్కను తిట్టుకుంటూ వెళ్తుంది. నల్లమట్టి గుప్పిట్లోకి తీసుకుని, మళ్ళీ వదిలేసి, డాక్టరమ్మకు కబురుపెట్టింది.

డాక్టరమ్మ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. "ఇది తెగులును తట్టుకుందో, అసలు అంటకుండా తప్పించుకుందో చెప్పలేం. గింజలు నల్లమట్టి కుండీల్లో వేసి చూద్దాం. పొలం సంగతి అప్పటిదాకా ఆపాలి."

గేటవతల చెల్లెలు అంతా విన్నది.

"మొలకల సంగతి తేలేదాకా ఆగవే. నిజంగానే తట్టుకునేదేమో."

"ఆగి ఏం తినాలక్కా? పనికి రమ్మని పొద్దున కూడా ఫోనొచ్చింది. రేపు బయల్దేరతాం."

మర్నాడు సంచులక్క కుండీల్లో నల్లమట్టి నింపుతుండగా గేటు దగ్గర టెంపో ఆగింది. చెల్లెలు దిగింది. అలవాటు కొద్దీ అక్క తొట్టి వైపు వంగింది.

"చేతులు కడుగుతూ కూర్చోకు. మా పొలంలో ఉన్నదీ ఇదే తెగులు. కొత్తగా అంటేదేముంది?"

సంచులక్క ఆ చేతులతోనే చెల్లెల్ని పట్టుకుంది. హారన్ మోగింది. మరిది ఈసారి నవ్వలేదు. "వదినా, మోకాలు జాగ్రత్త" అన్నాడు.

కుండీల్లో మొలకలొచ్చాయి, ఆకులు విచ్చాయి. తర్వాత ఒక్కొక్కటే వాలిపోయాయి. చివరిది వాలాక డాక్టరమ్మ కాడ చీల్చి చూపించింది. లోపల నల్లగా ఉంది.

సంచులక్క హమ్మయ్య అనుకుంది, చెల్లెలు ఆగనందుకు. అలా అనుకున్నందుకు, కుండీ పక్కనే చతికిలబడి ఏడ్చింది.