ఆమెన్ అనేదాకా

ఉడికిన చేపకు ముళ్లు తీసి, మెత్తగా నూరి, గుడ్డలో వడకట్టాక సమూయేలు ఆ రసాన్ని ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని వేడి చూసుకున్నాడు. ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలోని ఆ రైల్వే క్వార్టర్ వంటగదిలో, గోనెపట్టా మీద వాళ్ల పిల్లి పుషీ కూర్చుని ఉంది. కింది దవడ ఒకవైపు ఉబ్బి, ముఖమే వంకరైపోయింది. నోట్లో పుట్టింది క్యాన్సరనీ, ఆపరేషన్‌కు లొంగదనీ పశువుల డాక్టరు చెప్పాడు. నొప్పి తగ్గడానికి చుక్కలమందు రాసిచ్చి, తిన్నన్నాళ్లు పెట్టమన్నాడు, వద్దన్ననాడు బలవంతం చెయ్యొద్దన్నాడు.

సమూయేలు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో ప్రార్థన కాకుండా ఎవరూ ముద్ద ముట్టరు. పుషీ కూడా పసికూనగా వచ్చిననాటి నుంచి ఆమెన్ వినేదాకా గిన్నెలో మూతి పెట్టి ఎరగదు. ఎవరూ నేర్పలేదు. అప్పట్లో దాని ఆకలి చూసి సమూయేలు రెండు మాటల్లో ప్రార్థన ముగించేవాడు. ఇప్పుడు స్వస్థత అడిగి, మళ్లీ అడిగి సాగదీస్తున్నాడు. ఆ నోట్లోంచి చొంగ కారుతున్నా అది అలాగే కాచుకుని ఉంటే ఆయనకు ఒళ్లు గగుర్పొడిచేది. వర్క్‌షాపులో తన వేలు చితికితే షెడ్డంతా వినేలా అరిచే మనిషి మరి.

ఆ ఉదయం పుషీ కాస్త తాగింది. సమూయేలు డ్యూటీ దిగి, ఖరిదా బజారులో మళ్లీ చేప కొంటుంటే తోటి ఫిట్టరు వెంకటరావు ఎదురయ్యాడు.

"ఏటి దాదా, ఇంటికి అల్లుడొచ్చినాడా? రోజూ సేపే."

"అల్లుడైతే పప్పుతో సరిపెడుదును," అన్నాడు సమూయేలు.

సాయంత్రం ఆమెన్ అని చెంచా దగ్గరికి తెచ్చాడు. పుషీ వాసన చూసి ముఖం తిప్పుకుంది. మళ్లీ పెట్టాడు. మళ్లీ తిప్పుకుంది. ఆయన భార్య వైపు తిరిగాడు.

"ఇంకొక్కసారి సూద్దునా?"

"దానికి సాలండి," అంది భార్య ఆలిస్. "బాగుసెయ్యమని మీరు అడుగుతున్నారు. అదేటి అడుగుతుందో సూడండి."

పుషీ తడబడుతూ ఆయన ఒళ్లోకి ఎక్కింది. పుండున్న దవడ తగలకుండా తల పక్కకు వాల్చి, గురగురమనసాగింది. అంత బాధలో, ఆ పిడికెడు ఒంట్లోంచి ఆ తృప్తి చప్పుడు ఎలా వస్తోందో ఆయనకు అంతుపట్టలేదు. చర్చిలో కూడా అంత భయభక్తులతో ఎప్పుడూ కూర్చోలేదు. చుక్కలమందు వేసి, చెంచా అవతల పెట్టేశాడు.

"ఇన్నాళ్లు మాకిచ్చినావు, తండ్రీ," అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

దీపాలు పెట్టేవేళకు గురగుర ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఆయనకు తెలియలేదు. ఆలిస్ వచ్చి దాన్ని రెండు చేతులా ఎత్తి తీసుకుంది. ఆయన లుంగీ మడతలో పుషీ మీసం ఒకటి మిగిలింది, తెల్లగా, కొస దగ్గర కాస్త వంగి, ఇంకా తడిగా.