గడియారాల తాత ఏమన్నాడంటే

మనవరాలు పుట్టిన నెల తిరక్కుండానే ఆ ఇంట్లో అమ్మమ్మకూ నాన్నమ్మకూ మాటలు లేకుండా పోయాయి. నాన్నమ్మ రిటైరైన నర్సు. పిల్లకు గాలి ఆడాలని కిటికీ తీసేది. అమ్మమ్మ రిటైరైన టీచరు. జలుబు చేస్తుందని మూసేది. ఒకరికొకరు చెప్పుకోవాల్సినవన్నీ పిల్లతో చెప్పేవారు. పాపం, దానికింకా మెడైనా నిలవలేదు.

ఆరోజు పిల్లకు టీకా వేయించడానికి బయల్దేరుతూ పిల్ల తండ్రి టీవీలో ఒక విదేశీ సినిమా పెట్టాడు. గడియారాలు బాగుచేసే ముక్కోపి తాతకూ, పక్క వాటాలో దిగిన సర్కస్ అమ్మాయికీ స్నేహం కుదిరే కథ. అతని ఆఫీసులో చూసినవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారట.

"అమ్మా, అత్తయ్యా, ఇద్దరూ కూర్చుని చూడండి. మనసు తేలికపడుతుంది" అని చెప్పి, భార్యనూ పిల్లనూ తీసుకుని వెళ్లాడు.

నాన్నమ్మకు శుక్లం ఆపరేషనై ఒక కంటికి కట్టు ఉంది. తెర కింద వచ్చే అక్షరాలు ఆనడం లేదు. అడగక తప్పలేదు.

"ఏమంటున్నాడు, వదినగారూ?"

అమ్మమ్మ మొదట్లో ఉన్నదున్నట్టే చదివి చెప్పింది. కాసేపటికి గొంతులో హుషారొచ్చింది.

"'నువ్వు పెట్టే కాఫీ గిన్నెలు కడిగిన నీళ్లలా ఉంటుంది' అంటున్నాడు."

నాన్నమ్మ ఉన్న ఒక్క కన్నూ చికిలించి చూసింది. తాత నోరు మూసుకుని గడియారంలో చమురు చుక్క వేస్తున్నాడు.

"ఆ అమ్మాయి మాత్రం ఊరుకుంటుందా? 'తెల్లారకముందే లేచి పెట్టేది నేను, తీరిగ్గా తాగి వంకలు పెట్టేది మీరు' అనదూ?"

"అన్నది" ఒప్పుకుంది అమ్మమ్మ. "తాతేమో, 'నన్ను ఒక్క మాటైనా అడక్కుండా కిటికీ తీసేస్తావేం' అంటున్నాడు."

"'నా సర్వీసంతా పసిపిల్లల వార్డులోనే గడిచింది, నాకు తెలీదా' అంటుంది అమ్మాయి."

"సర్కస్ పిల్ల వార్డులో ఎప్పుడు చేసింది?"

"సర్కస్‌లో చేరకముందు చేసుంటుంది. మీరు చదివే తీరును బట్టే నేనూ చెబుతున్నా."

అమ్మమ్మకు నవ్వు ఆగలేదు. అది చూసి నాన్నమ్మకూ ఆగలేదు. తెర మీద తాతా అమ్మాయీ వంతెన మీద నిలబడి కావలించుకున్నప్పుడు, వీళ్లు పిల్ల ముక్కు ఎవరి పోలికో తేల్చుకునే పనిలో ఉన్నారు.

టీకా వేయించుకుని వచ్చేసరికి ఒకావిడ రెండు కళ్లూ, ఇంకొకావిడ ఒక్క కన్నూ తుడుచుకుంటూ కనిపించారు.

"చెప్పానా" అన్నాడతను భార్యతో, మెల్లగా.

"కథ ఎలా ఉంది?" అని అడిగిందామె.

"ఆ తాతకు నోటి దురుసు. మనసు మంచిదే" అంది నాన్నమ్మ.

"అమ్మాయికి పంతం జాస్తి. పని మాత్రం తెలిసిన పిల్ల" అంది అమ్మమ్మ.

మంచి సినిమాకు ఎంత బలముందో అతను ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాడు. మరుసటి ఆదివారం అలాంటిదే ఇంకొకటి వెతికి పెట్టాడు. అమ్మకు ఇబ్బంది లేకుండా ఈసారి తెలుగులో మాట్లాడే ప్రింటు.

ఇద్దరూ పది నిమిషాలు బుద్ధిగా చూశారు.

"బాబూ, కాస్త ఆ సౌండు తీసేసి వెళ్లు" అంది అమ్మమ్మ.