ఇద్దరు ఆర్. మాలతులు

ఆదివారం మధ్యాహ్నం ల్యాబ్‌లో అందరూ భోజనాలకు వెళ్ళాక మాలతి ఆ బటన్ నొక్కింది. ‘ఈ పత్రాలు మీవేనా?’ అని అడిగింది పరిశోధన పత్రాల వెబ్‌సైట్. ‘అవును’ అంది. మరుక్షణం ఆమె పేరు పక్కన ప్రస్తావనల లెక్కలో నాలుగు వందల ముప్పై ఏడు పోయి ఆరు వందల నలభై ఎనిమిది వచ్చింది.

దోహాలో ఆరేళ్ళుగా ఒంటెలకు సోకే వైరస్‌ల మీద పరిశోధన చేస్తోందామె. నెలాఖరుకు కాంట్రాక్టు ముగుస్తుంది. పొడిగించాలంటే ఆమె పత్రాలను ఇతర శాస్త్రవేత్తలు కనీసం ఐదు వందల సార్లు ప్రస్తావించి ఉండాలని కమిటీ కొత్తగా నియమం పెట్టింది. గురువారమే సమావేశం.

ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు ఇంకా ఏడాది ఉండగానే స్టేడియం పని అయిపోయిందని కంపెనీ ఆమె భర్త జలంధర్‌ను తీసేసింది. అప్పటినుంచి అతనూ, ఐదో తరగతి చదివే కూతురూ ఆమె వీసా మీదే దోహా శివారు ఐన్ ఖాలిద్‌లో ఉంటున్నారు. ఆమె ఉద్యోగం కూడా పోతే ముగ్గురూ జగిత్యాల దారి పట్టాల్సిందే.

పీహెచ్‌డీ రోజుల్లో రేగుంట మాలతి తన పత్రాల మీద ‘ఆర్. మాలతి’ అని రాసేది. అదే పేరుతో డెంగీ మీద పనిచేసిన మరొకామె పత్రాలు కూడా ఉన్నాయి. అవి నీవేనేమో చూసుకొమ్మని వెబ్‌సైట్ వారం రోజులుగా అడుగుతూనే ఉంది. ఆ సంగతి ఇంట్లో చెప్పడమే పొరపాటైంది.

“నీ పేరే కదా రాసున్నది! ఎవలు చూడొచ్చిండ్రు? గురువారం దాటినంక తీసెయ్యరాదూ?” అన్నాడు జలంధర్. అప్పటికి రెండు రాత్రులుగా ఆమెకు కంటి మీద కునుకు లేదు.

మంగళవారం ల్యాబ్ ఫోన్ మోగింది.

“మాలతి గారేనాండీ? నేను కాకినాడ కాలేజీ నుంచి రాచర్ల మాలతిని. నా పేపర్లన్నీ మీ పేరు కిందికి వెళ్ళిపోయాయమ్మా. మీ ల్యాబ్ నంబరు ఆ వెబ్‌సైట్‌లోనే దొరికింది. రేపు నాకు ప్రొఫెసర్ పోస్టుకి ఇంటర్వ్యూ. నా పేజీ తెరిస్తే సున్నా చూపిస్తోంది. ఇరవై రెండేళ్ళ పనండీ. ఆ కంప్యూటర్ ఏదో పొరపాటు చేసినట్టుంది, మీరొక్క మాట రాస్తే సరిచేస్తారట.”

ఆమె కంప్యూటర్‌నే తప్పుపడుతోంది. మాలతి “చూస్తానండీ” అని ఫోన్ పెట్టేసింది.

ఇంటికి ఫోన్ చేస్తే జలంధర్ బతిమాలాడు. “రెండు రోజులు, మాలతీ! రెండే రోజులు ఫోన్ ఎత్తకు. నీకు దండం పెడ్త.”

“ఆమెకు ఒక్కరోజే ఉన్నది,” అని మాలతి ఏడ్చింది.

సాయంత్రం డ్యూటీ దిగేలోపు ఆ పత్రాలను వెనక్కి ఇచ్చేసింది. కారణం రాయమంటే, ‘పొరపాటు కాదు. నావి కావని తెలిసే తీసుకున్నాను’ అని రాసింది. ఎందుకలా రాసిందో ఆమెకే తెలియదు. అబద్ధం రాయడానికి చేతులు రాలేదు, అంతే.

గురువారం కమిటీ ముందు ఆమె ప్రస్తావనల లెక్కతో రెండు కాగితాలున్నాయి. ఒకటి ఆదివారం రాత్రి తీసినది, ఇంకొకటి ఆ ఉదయానిది.

“నాలుగు రోజుల్లో రెండు వందలకు పైగా తగ్గాయి. ఎలా?” అని అధ్యక్షుడు అడిగాడు.

ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. “అరవై మూడు తక్కువైతే మాట్లాడుకునేవాళ్ళం, డాక్టర్. మీ ఒంటెల పని మాకు కావాలి. కానీ ఇప్పుడు మీ సంతకం మీద నమ్మకం ఎలా పెట్టమంటారు?”

ఆమెకు ఆయన కాళ్ళు పట్టుకుందామా అనిపించింది. ఆ బల్ల అవతలికి ఎలా వెళ్ళాలో తెలియక నిలబడిపోయింది. కాంట్రాక్టు పొడిగించలేదు. నెలరోజుల్లో దేశం విడిచి వెళ్ళాలి.

ఇంటికొచ్చేసరికి జలంధర్ గుమ్మంలోనే ఉన్నాడు. ఆమె ముఖం చూడగానే అతనికి అర్థమైంది.

“నేనే నొక్కుమన్న అని చెప్పినవా ఆళ్ళకు?”

“చెప్పలే.”

“చెప్పకపోయినవా, మాలతీ...” అంటూ అతను చెప్పుల స్టాండు పక్కనే కూలబడి, లోపల హోంవర్క్ చేసుకుంటున్న కూతురికి వినబడకుండా అరచేతిలో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. మాలతి సంచి భుజం మీంచి దించకుండానే అతని పక్కన కూర్చుంది.