మూడో ఎర్రకార్డు

మొదటి ఎర్రకార్డు పడ్డప్పుడు నేను ఇడ్లీ తింటున్నాను. పట్టించుకోలేదు. రెండోది పడ్డప్పుడు ఇడ్లీ గొంతులోనే ఆగిపోయింది.

నడక పోటీలో ఎర్రకార్డంటే ఏమిటో తెలియనివాళ్లకు చెబుతాను. మా ఆయన రఘుపతి పోటీల్లో నడుస్తాడు. అందరూ నడుస్తారు, అందులో గొప్పేముంది అని నేనూ మొదట్లో ఎగతాళి చేశాను. ఇది వేరే నడక. ఉరకకూడదు, కానీ ఉరికేవాడికి దీటుగా పోవాలి. ఒక పాదం ఎప్పుడూ నేలను వదలకూడదు. ముందుకు వేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. వంగితే పక్కన కాపలా కాసే జడ్జి ముందు పసుపు బిళ్ల చూపించి హెచ్చరిస్తాడు. మళ్లీ వంగితే ఎర్రకార్డు రాస్తాడు. అలా ముగ్గురు జడ్జీలు తలా ఒకటి రాస్తే ఆ మనిషి పోటీలోంచి అవుట్. ఎంత ముందున్నా, గీతకు జానెడు దూరంలో ఉన్నా ఇంటికి పోవాల్సిందే.

గోదావరిఖనిలో ఆ ఆదివారం పొద్దున బొగ్గు ఏరియాలన్నిటి మధ్యా పోటీ. క్వార్టర్ల చుట్టూ తిరిగొచ్చే రోడ్డు మీద ఐదు చుట్లు. మొదటి ఇద్దరినీ జాతీయ పోటీలకు పంపిస్తారు. గోలేటి నుంచి వచ్చిన పిల్లవాడొకడు అందరినీ వదిలేసి ఎటో వెళ్లిపోయాడు, వాణ్ని పట్టడం ఎవరి తరమూ కాదు. మిగిలింది రెండో స్థానం. అక్కడ మా బావ ఉన్నాడు. రఘుపతి నా మేనత్త కొడుకు, పెళ్లికి ముందు పిలిచిన పిలుపే ఇప్పుడూ. ఆయన వెనకే కొత్తగూడెం పవన్‌కుమార్. వాడికి ఇరవై రెండుంటాయేమో. మా బావకు ముప్పై నాలుగు, మోకాళ్ల మీద రోజూ రాత్రి జండూబామ్.

ఈ పిచ్చి పట్టించింది యజ్ఞనారాయణ సార్. కంపెనీలో ఆటల వ్యవహారం చూస్తాడు, కోస్తా వైపు మనిషి. నడక పోటీకి మా రామగుండం ఏరియా నుంచి ఒక్కడూ పేరివ్వకపోతే ఆయన మనుషుల్ని వెతుక్కుంటూ బొగ్గుబాయి దగ్గరికి వచ్చాడట. షిఫ్టు దిగిన వందమందిలో మా బావ అందరికంటే ముందు వచ్చి బస్సులో కిటికీ సీటు పట్టుకుని కూర్చున్నాడు. చెమట కూడా లేదు. బాయి లోపల ఉరకనివ్వరు. పట్టాలు, ఇనప తాళ్లు, చీకటి. ఉరికితే పడతావు. అయినా పనిచోటుకు మైలు పైనే పోవాలి, మళ్లీ రావాలి. ఉరకకుండా తొందరపడటం అక్కడివాళ్ల బతుకు. సార్ అది పట్టేశాడు.

ఇక చూడండి మా తిప్పలు. మీసాలున్న మనిషి పొద్దున్నే మా సెంటినరీ కాలనీలో నడుము అటూ ఇటూ తిప్పుకుంటూ పోతుంటే పాలప్యాకెట్ల దగ్గర ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. మా అత్త పోశవ్వ కిటికీ మూసి, "నా కొడుకుకు ఎవ్వలో ఏదో చేసిన్రు" అని నిమ్మకాయలు దిగదీసేది. పోయినేడు ఈ పోటీలోనే ఆఖరు నుంచి రెండోవాడిగా వచ్చాడు. ఆఖరువాడు దారిలో వాంతి చేసుకున్నాడు.

"ఇంక చాలదా బావా, గిదేం సోకు?" అన్నాను ఒకరోజు ఆయన సాక్సులు ఉతుకుతూ.

"రాజీ, ఈ నౌకరి మా నాయిన సచ్చిపోతే అచ్చింది. క్వార్టరు గందుకే అచ్చింది. ఆఖరికి మీ నాయిన నిన్ను గూడ నౌకరి చూసే ఇచ్చిండు. నాదంటూ ఏమున్నది చెప్పు?"

నాకు ఒళ్లు మండింది. అంటే నేను మామ చావుకు వచ్చిన పరిహారాన్నా? ఆ పూట పప్పులో ఉప్పెయ్యలేదు. ఆయన వంక పెట్టకుండా తినేశాడు. అంతా తిని, గిన్నె కడిగి, మళ్లీ రోడ్డు మీదికి పోయాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆ మనిషికి ఈ నడక ఎంత కావాలో ఉప్పులేని పప్పు చెప్పింది. అప్పటి నుంచి పొద్దున్నే లేచి రాగిజావ కాచి నేనే లేపుతున్నాను.

అలాంటిది ఇప్పుడు రెండు ఎర్రకార్డులు. బోర్డు మీద ఆయన నంబరు పక్కన రెండు ఎర్ర గుర్తులు కనిపిస్తున్నాయి. చేతిలో ఇడ్లీ పొట్లం అక్కడే పడేసి యజ్ఞనారాయణ సార్ దగ్గరికి పోయాను.

"ఎందుకు పడుతున్నయి సార్ కార్డులు?"

"మోకాలు వంచుతున్నాడమ్మా. ప్రాక్టీసులో ఒక్కసారి కూడా వంచలేదు. నాకూ అర్థం కావట్లేదు. అలసిపోయాడేమో."

అలసిపోవడమా? నైట్ షిఫ్టు దిగొచ్చి కట్టెలు కొట్టే మనిషి. నాకు నమ్మకం కుదరలేదు. "ఏడ వంచుతున్నడు సార్?"

ఆయన ఆర్చి వైపు చూపించాడు. "ఇద్దరూ అక్కడే రాశారు."

రోడ్డుకు అడ్డంగా పెద్ద ఆర్చి కట్టారు. పైన ఆఫీసర్ల ఫొటోలతో ఫ్లెక్సీ. దాన్ని దాటిన పది అడుగులకు ముగింపు గీత. ఎండ ఎక్కుతోందని జడ్జీలు ముగ్గురూ ఆ నీడకే చేరారు. ఇద్దరు రాసేశారు కాబట్టి వాళ్లతో ఇక భయం లేదు, ఒక జడ్జి ఒక్క కార్డే రాయాలి. మిగిలింది చంద్రమతి మేడమ్. కళ్లద్దాలు, బిగించిన ముడి. గొడుగు మడిచి పక్కన పెట్టి, నడుచుకుంటూ వచ్చేవాళ్ల మోకాళ్లనే చూస్తోంది. ఆమె మొహంలో ఎవరి మీదా కోపం లేదు, ప్రేమా లేదు. అదే చూసి నాకు ఎక్కువ భయమేసింది.

నాలుగో చుట్టు ముగించుకుని మా బావ మలుపు తిరిగాడు. నేను ఆర్చికి ఎదురుగా నిలబడి రెప్ప వెయ్యకుండా చూశాను. రోడ్డంతా చక్కగా వచ్చాడు. వీపు గోడలా నిటారుగా ఉంది, కాళ్లు కర్రల్లా సాగుతున్నాయి. ఆర్చి నీడ మీద పడిందో లేదో, మెడ భుజాల్లోకి పోయింది. నడుము వంగింది. దాంతోపాటు మోకాళ్లూ వంగాయి. రెండడుగులు. నీడ దాటగానే మళ్లీ నిటారు. ఆయనకు వంగినట్టు కూడా తెలియదు.

చంద్రమతి మేడమ్ పసుపు బిళ్ల ఎత్తింది. హెచ్చరిక. ఇంకోసారి వంగితే రాసేస్తుంది.

నేను తలెత్తి ఆర్చిని చూశాను. లారీ పోయేంత ఎత్తుంది. కానీ టెంట్ హౌస్ వాళ్లు అటూ ఇటూ లావుపాటి కర్రలు పాతి, పైన అడ్డంగా దుంగ వేసి కట్టారు. బాయిలో కప్పు కూలకుండా కింద కర్రలు నిలబెడతారు, అచ్చం అలాగే. ఒకసారి కంపెనీవాళ్లు ఇంటివాళ్లను బాయి చూడనిచ్చినప్పుడు నేను చూశాను. మా బావ ఇంట్లో కూడా తలుపు దాటేటప్పుడు వంగే వస్తాడు. అంత ఎత్తు తలుపుకు ఎందుకు వంగుతావని నేను పెళ్లయిన నాటి నుంచీ తిడుతూనే ఉన్నాను. మా క్వార్టర్ల లైన్లో మగవాళ్లందరికీ కొద్దో గొప్పో ఉంది ఈ అలవాటు. మా బావకు ఎక్కువ. మామ పోయింది కప్పు కూలే. ఆ బండల కింద నుంచి తీసిన మనిషిని ఇరవై రెండేళ్ల వయసులో బావే గుర్తుపట్టాల్సి వచ్చింది.

సార్ దగ్గరికి ఉరికాను. "ఆ ఆర్చి విప్పించున్రి సార్. ఆయన బాయి కప్పనుకుంటున్నడు."

సార్ నన్నూ, ఆర్చినీ చూశాడు. అర్థమైనట్టే ఉంది, మొహం పాలిపోయింది. "జీఎం గారి ఫొటో ఉందమ్మా దాని మీద. పోటీ మధ్యలో ఎలా విప్పుతారు?"

"మరి ఆయనకు చెప్పున్రి, వంగద్దని."

"చెప్పొచ్చు. చెబితే ఆగే వంపేనా అది?"

నాకు తెలుసు, కాదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఇది పుట్టుకతో కూడా రాలేదు, చావుతో వచ్చింది. పదేళ్ల నా తిట్లకు పోనిది సార్ ఒక్క కేకకు పోతుందా?

ఆఖరి చుట్టు. క్వార్టర్ల అవతల ఎక్కడో ఉన్నాడు, కనిపించడం లేదు. గోలేటి పిల్లవాడు వచ్చేశాడు, గీత దాటేశాడు, జనం చప్పట్లు కొట్టారు. నాకు ఏమీ తోచక గోళ్లు కొరుక్కుంటుంటే, మా బావ ఎప్పుడో అన్నం తింటూ చెప్పిన మాట ఒకటి గుర్తొచ్చింది. షిఫ్టు మొదలయ్యేటప్పుడు బాయిలో పని చూసే సర్దార్ ముందు పోతాడట. కర్రతో కప్పును తట్టి చప్పుడు వింటాడు. బాగుందనుకుంటే తానే దాని కింద నిలబడి మిగతావాళ్లను పిలుస్తాడు. ఆయన నిలబడితేనే వీళ్లు అడుగు వేస్తారు.

పోయి ఆర్చి కింద నిలబడ్డాను.

వాలంటీరు చేతులూపుతూ వచ్చాడు. "అక్కా, గాడ నిలవడద్దు, జరుగున్రి."

"జరగ."

చంద్రమతి మేడమ్ కళ్లద్దాల మీదుగా చూసింది. "ఏమ్మా, ఎవరు మీరు?"

"ఆ వచ్చేటాయన భార్యను మేడమ్. నేను రోడ్డు మీద లేను, కర్రను ఆనుకుని ఉన్న."

"ఒక్క అడుగు రోడ్డు మీదికి వచ్చినా, చెయ్యి తగిలినా నష్టం మీ ఆయనకే. తెలుసా?"

"తెలుసు మేడమ్."

ఆమె పెన్ను మూత తీసింది.

మలుపులో మా బావ కనిపించాడు. భుజం పక్కనే పవన్‌కుమార్. ఇద్దరి మధ్యా మూరెడు కూడా లేదు. బావ మొహం ఎర్రమట్టి రంగులో ఉంది, నోరు తెరుచుకుని ఉంది. నేను ఉన్న ఎత్తంతా లేచి, మునివేళ్ల మీద నిలబడి, చెయ్యి పైకెత్తాను. చూడు, నేనున్నాను, ఏమీ కాదు అన్నట్టుగా.

చూశాడు. నన్ను చూసిన క్షణం ఆ మొహం మారిపోయింది. భయం. అంత భయం ఆయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు. కళ్లు నా మీద నుంచి పైకి పోయి దుంగ మీద ఆగాయి. ఇక అక్కడి నుంచి కదల్లేదు. గడ్డం పైకి లేచింది. మేడమ్ కొంచెం వంగి ఆయన మోకాళ్లు చూస్తోంది. పెన్ను కాగితానికి ఆనింది. నేను దేవుళ్లను ఒక్కొక్కరినే పిలుస్తున్నాను. కొమురెల్లి మల్లన్నా, వేములవాడ రాజన్నా, ఎవరైనా సరే.

నీడ ఆయన మీద పడింది.

తల వంచలేదు. కళ్లు పైనే పెట్టుకుని, గడ్డం ఎత్తుకుని, కాళ్లు కర్రల్లా చాపుతూ నా పక్క నుంచి దూసుకుపోయాడు. ఆయన చెమట చుక్క నా చేతి మీద పడింది. పవన్‌కుమార్ వెనక పడ్డాడు. పది అడుగుల తర్వాత బావ గీత దాటాడు.

దాటినంత మాత్రాన అయిపోదు. తర్వాత కూడా కార్డు ఇవ్వొచ్చని సార్ ముందే చెప్పాడు. నేను మేడమ్ చేతినే చూస్తున్నాను. ఆమె కాసేపు కాగితం వైపు చూసింది. పెన్నుకు మూత పెట్టింది. గొడుగు తీసుకుని నడుచుకుంటూ వెళ్లిపోయింది.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పోయేసరికి బావ రోడ్డు పక్కన గడ్డిలో కూలబడి రొప్పుతున్నాడు. సీసాడు నీళ్లు నెత్తిన పోశాను. యజ్ఞనారాయణ సార్ ఆయన వీపు మీద కొట్టి, కళ్లు తుడుచుకుంటూ పేరు రాయించడానికి బల్ల దగ్గరికి పోయాడు. నాకు గర్వం ఆగలేదు. ఇంత ఉపాయం నాకు తట్టిందని నలుగురికీ చెప్పుకోవాలి, ముందు ఈయన నోటితో వినాలి.

"నేను నిలబడ్డ గద, కప్పు మంచిగుందని నీకు ధైర్యం అచ్చింది. అవునా బావా?"

ఆయన నా వైపు చూసిన చూపుకు నా నవ్వు ఆగిపోయింది.

"ధైర్యమా? నీకేమన్న మతి ఉన్నదా రాజీ? గా దుంగ కింద నిలబడుతరా ఎవలన్న? నీ మీద కూలుతదని దాని దిక్కే చూసుకుంట అచ్చిన. కన్ను తీస్తే పడుతదనిపిచ్చింది. నా పానం నా తాన లేదు."

పక్కన కూర్చుని ఆయన తల కొంగుతో తుడిచాను, కనబడకుండా నా కళ్లు కూడా.

మైకులో పేర్లు చదువుతున్నారు. జాతీయ పోటీలకు రెండో పేరు, రఘుపతి, రామగుండం. జనం ఆయన కోసం అటూ ఇటూ చూస్తున్నారు. ఆయన వినడం లేదు. నా మణికట్టు గట్టిగా పట్టుకుని, గడ్డిలో కూర్చునే, నన్ను ఆ ఆర్చికి ఇంకా దూరంగా జరుపుతున్నాడు.