ఇక్కడే తయారైంది

ఆ వీధిలో మూతపడ్డ షట్టర్లను లెక్కపెట్టడం టేపక్క ఎప్పుడో మానేసింది. లెక్కపెడితే ఏమొస్తుంది, గుండె గుభేలుమనడం తప్ప! సీటు కవర్లు కుట్టే షెడ్డు పోయింది. అద్దాలకు అంచులు తీసే షెడ్డు పోయింది. మొన్న సోమవారం రబ్బరు గొట్టాలవాళ్ళు కూడా మెషీన్లు లారీకెత్తుకుని వెళ్ళిపోయారు. అన్నీ కార్ల ఫ్యాక్టరీని నమ్ముకుని పుట్టినవే. ప్రతి షెడ్డు ముందూ ఒకరోజు ఒక తెల్ల కారు ఆగింది, ఫైలు పట్టుకుని ఒకావిడ దిగింది, చూడాల్సింది చూసి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా షట్టరు పడింది. ఆ తెల్ల కారు రేపు పొద్దున పదింటికి తమ షెడ్డుకే వస్తోందని కబురు.

టేపక్క అసలు పేరు షెడ్డులో ఎవరికీ తెలీదు. కారులో దీపాలకీ హారనుకీ ఇంజనుకీ పోయే వైర్లన్నిటినీ ఒక్క కట్టగా చేసి, మీద నల్లటి టేపు చుట్టడం ఆవిడ పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. షెడ్డు ఆవిడ చెల్లెలిది. చెల్లెలు చదువుకుంది కాబట్టి యజమానురాలైంది, అక్క పని నేర్చుకుంది కాబట్టి మేస్త్రి అయింది. పదకొండుమంది ఆడవాళ్ళు ఆవిడ చేతికింద తయారైనవాళ్ళే. తిట్టి, మొట్టి, అన్నం కూడా తిననివ్వకుండా నేర్పింది మహాతల్లి.

అసలు గొడవంతా దేశాల మధ్య కుదిరిన కొత్త ఒప్పందంతో మొదలైంది. ఇక్కడ తయారైన కార్లలో సగానికి పైగా పొరుగు దేశమే కొంటుంది. ఇన్నాళ్ళూ ఏ ముక్క ఎక్కడిదని ఎవరూ అడగలేదు. ఇప్పుడు వాళ్ళు మెలిక పెట్టారు. కారులో నూటికి డెబ్బై ఐదు పాళ్ళు మీ దేశంలోనే తయారై ఉండాలి, లేకపోతే సుంకం కట్టండి, ఆ సుంకంతో మీ కారును ఎవడు కొంటాడో చూసుకోండి అన్నారు. సరిగ్గా అదే ఏడాది సముద్రం అవతలి నుంచి సగం ధరకే వైర్ల కట్టలు ఓడల్లో దిగడం మొదలైంది. ఫ్యాక్టరీవాళ్ళు అటు పొరుగువాళ్ళకి తలూపి, ఇటు షెడ్డులవాళ్ళకి ఆ ఓడ సరుకు చూపించి, "ఈ ధరకి మీరే చేసివ్వండి, కానీ ఇక్కడే చెయ్యాలి సుమా" అన్నారు. ఎలా చేస్తారు, గాలి చుట్టి ఇస్తారా?

చెల్లెలు మూడు రాత్రులు నిద్రపోలేదు. నాలుగోనాడు లారీలో పెట్టెలు దిగాయి. వాటిలో చుట్టేసిన కట్టలే ఉన్నాయి, ఓడలో వచ్చినవి. ఎనిమిది నెలలుగా షెడ్డులో జరుగుతున్న పనల్లా ఆ కట్టల మీది పరాయి స్టిక్కరు గీకేసి, "ఇక్కడే తయారైంది" అనే స్టిక్కరు అంటించడం. నెలనెలా ఆ మాటే కాగితం మీద రాసి, కింద చెల్లెలు సంతకం పెడుతుంది. అబద్ధమని తేలితే షెడ్డు పోవడం సంగతి అలా ఉంచండి, ఆ సంతకం పెట్టిన మనిషి జైలుకి పోతుంది.

మొదటి రోజు టేపక్క అగ్గిమీద గుగ్గిలమైంది. "నా చేతులతో స్టిక్కర్లు గీకమంటావా? సిగ్గులేదూ?" అని చెల్లెలి మీద విరుచుకుపడింది.

"గీక్కపోతే ఈ పదకొండుమందినీ ఇంటికి పంపాలి. నువ్వెళ్ళి చెప్తావా అక్కా? చెప్పు, నోరు మూసుకుని వింటాను," అంది చెల్లెలు.

టేపక్క చెప్పలేకపోయింది. ఆ రోజు నుంచి గీకుతూనే ఉంది.

తెల్ల కారు కబురు వచ్చిన రోజు షెడ్డంతా తలకిందులైంది. పెట్టెల వెనక పడేసిన పాత చెక్కబోర్డులు బయటికి లాగారు. వైరు ఏ దారిన పోవాలో చూపించడానికి వాటి నిండా మేకులు కొట్టి ఉంటాయి. బూజు దులిపారు, ఊడిన మేకులు కొట్టారు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా టేపక్క అందరిచేతా కట్టలు చుట్టించింది.

"చేతులకి తుప్పు పట్టిందేమే? నేను నేర్పింది ఒక్కటి మర్చిపోయారో, చూస్కోండి! రేపు ఆవిడ మన పని చూసి నోరెళ్ళబెట్టాలి. అంతే."

మర్నాడు పదింటికి సరిగ్గా తెల్ల కారు వచ్చింది. పొరుగు దేశం తరఫున తనిఖీకి పెట్టుకున్న మనిషిట. యాభై ఏళ్ళుంటాయి. మెల్లగా మాట్లాడుతుంది, మంచినీళ్ళిస్తే చల్లగా నవ్వి వద్దంటుంది. గట్టిగా అరిచే మనిషైతే టేపక్కకి ఇంత భయం వేసేది కాదు. ఫైలు తిరగేసింది. బోర్డుల ముందు వంచిన తల ఎత్తకుండా కట్టలు చుడుతున్న పదకొండుమందినీ చూసింది. గోడవారగా పైకప్పు దాకా పేర్చిన సరుకు పెట్టెలను చూసింది.

"ఒకటి నా ముందు మొదటి నుంచి చేసి చూపిస్తారా?" అంది.

చెల్లెలు అక్కవైపు చూసింది. టేపక్క కొంగు బిగించి బోర్డు ముందుకొచ్చింది. ఎనిమిది నెలల తర్వాత ఆ చేతులకి అసలు పని దొరికింది! ఎర్రది, పచ్చది, నీలంది, ఒక్కో వైరూ మేకుల మధ్య దాని దారిన అదే పోయి కూర్చుంది. టేపు కిర్రుకిర్రుమంటూ చుట్టుకుంది. ఎక్కడా ముడత లేదు. చూసేవాళ్ళకి కన్ను ఆనలేదంటే నమ్మండి. చుట్టడం అయిపోయాక టేపు తెంపి, ఆ చివరను గోటితో లోపలికి ఒక్క మడత పెట్టి అంటించింది.

తనిఖీ ఆవిడ కట్టను చేతిలోకి తీసుకుంది. ఆ మడతను పట్టి లాగితే టేపు సుతారంగా ఊడొచ్చింది. "ఇదేమిటి?" అంది.

టేపక్క మొహం వెలిగిపోయింది. "రేపు ఎక్కడో కారు పాడైతే మెకానిక్కు ఇప్పుకోవాలి కదండీ. మడత లేకపోతే చివర ఎక్కడుందో దొరక్క వాడు కత్తి పెడతాడు, వైరు తెగుతుంది. ఇది నేను సొంతంగా కనిపెట్టింది. మా షెడ్డులో పిల్లలందరికీ ఇదే నేర్పాను. ఈ మడత లేకుండా ఒక్క కట్ట కూడా..."

చెల్లెలి మొహంలో నెత్తురు చుక్క లేదు. అది చూశాక గానీ టేపక్కకి తను ఏం కూసిందో అర్థం కాలేదు.

ఆ సరికే తనిఖీ ఆవిడ గోడవారకి వెళ్ళింది. ఒక పెట్టె తెరిచి కట్ట తీసింది. టేపు చివర కత్తితో కోసినట్టు నున్నగా ఉంది. ఇంకో పెట్టెలోంచి ఇంకోటి తీసింది. అదీ అంతే.

"వీటికి మడతలు లేవే?" అంది, అదే మెల్లని గొంతుతో.

"అదీ..." చెల్లెలు అడ్డొచ్చింది. "అక్క అలా అంటుంది గానీ, అందరూ పెట్టరండీ. హడావిడిలో కొంతమంది అలాగే వదిలేస్తారు. అవే ఇవి."

తనిఖీ ఆవిడ తలూపింది. "ఉండొచ్చు. చూద్దాం. ఎవరూ ఏమీ మాట్లాడకండి." బల్లల వరస మొదట్లోకి వెళ్ళి, చేతిలో ఉన్న కట్ట పూర్తిచేయమని మొదటావిడకి సైగ చేసింది. టేపక్కను తన పక్కనే నిలబెట్టుకుంది.

ఒక్కర్తి మర్చిపోతే చాలు, చెల్లెలి మాట నిలబడుతుంది. ఒక్కర్తి చాలు, దేవుడా!

మొదటావిడ చుట్టింది, తెంపింది, మడిచింది. రెండో ఆవిడ మడిచింది. మూడో పిల్ల మడిచి పైన బొటనవేలితో రెండుసార్లు అదిమింది. టేపక్క దగ్గింది. నాలుగో ఆవిడ ఉలిక్కిపడి, మేస్త్రికి కోపం వచ్చిందనుకుని, పెట్టిన మడత ఊడదీసి ఇంకా నీటుగా పెట్టింది. టేపక్క కళ్ళు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపింది. ఆ చూపుకి ఇరవై రెండేళ్ళుగా ఒకటే అర్థం, సరిగ్గా చెయ్యమని. ఐదో ఆవిడ, ఆరో ఆవిడ, పదో ఆవిడ దాకా ఎవరూ తప్పలేదు. తన చేతులతో మొట్టి నేర్పిన పని తన కళ్ళముందే ఒక్కో గోటి కింద మడతపడుతుంటే, టేపక్కకి నేలలోకి కుంగిపోతున్నట్టుంది.

ఆఖరి బల్ల దగ్గర కూర్చున్నది మతిమరుపు పిల్ల. షెడ్డులో అందరికన్నా మొద్దు. పదిసార్లు చెప్తే తొమ్మిదిసార్లు మడత మర్చిపోయేది, ఈ ఒక్కదాని కోసమే టేపక్క గొంతు చించుకునేది. ఆ పిల్లను చూడగానే టేపక్కకి పోయిన ప్రాణం లేచొచ్చింది. మర్చిపోవే తల్లీ, ఈ ఒక్కసారికి మర్చిపో, నీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటానని లోపల్లోపలే మొక్కుకుంది.

పిల్ల నాలిక బయటపెట్టి మెల్లగా చుట్టింది. చివర తెంపింది. అలాగే అంటించేసింది. చేతులు దులుపుకుంది.

చెల్లెలు ఊపిరి వదిలింది. తనిఖీ ఆవిడ ఫైలు మీదికి వంగి పెన్ను మూత తీసింది.

అంతలో ఆ పిల్ల తల తిప్పి టేపక్కను చూసింది. మేస్త్రి కళ్ళనిండా నీళ్ళు. తన కోసం అక్క ఏడవడం అది పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడటం. "అయ్యో!" అని నాలిక్కరుచుకుని, గబగబా టేపు చివర ఊడబీకి, లోపలికి మడిచి, గట్టిగా నొక్కింది.

"చూశావా అక్కా!" అంది మొహం విప్పార్చుకుని. "గుర్తొచ్చింది! ఇప్పుడిక నా కట్ట కూడా నీ కట్టలాగే ఉంది కదూ?"

తనిఖీ ఆవిడ పెన్ను ఆగింది.

"అవునమ్మా," అంది టేపక్క. "అచ్చం నాదానిలాగే ఉంది."

వెనకాల చెల్లెలు ఒక పెట్టె మీద కూలబడింది. తనిఖీ ఆవిడ ఆ పిల్ల చేతిలోంచి కట్ట అందుకుని, ఫైల్లోంచి చెల్లెలు సంతకం ఉన్న కాగితం బయటికి తీసింది.