ఎవరూ చదవరనుకున్న ఉదాహరణలు

"మనం కాస్త కాఫీ పెట్టుకుంటే బాగుణ్ణు," అన్నాడాయన, పేపర్లోంచి తలెత్తకుండా. ఆ మనంలో లేచి స్టవ్ వెలిగించేది ఆమె. అత్తగారు మంచాన పడ్డ నాలుగేళ్లూ దుప్పట్లు ఉతికిందీ ఆ మనమే.

కాలేజీలో ఇంగ్లీషు మేష్టారు కదా, పన్నెండేళ్ల కిందట ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తలపెట్టాడు. ఆయన అర్థాలు చెబుతుంటే ఆమె కార్డుల మీద రాసేది. మూడో అక్షరానికల్లా ఆయనకు విసుగు పుట్టింది. "ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, మిగతాది చూడు," అన్నాడు. చూసింది. అర్థం, వాడుక, కింద ఒక ఉదాహరణ. ఉదాహరణలు ఎవరు చదువుతారులే అని, ఎవరితోనూ చెప్పుకోలేనివన్నీ అక్కడ పెట్టుకుంది.

'అవర్‌సెల్ఫ్' దగ్గర మూడు రోజులు ఆగిపోయింది. 'అవర్‌సెల్వ్స్' అందరూ ఎరిగినదే. ఇది వేరు. మేము అంటూనే, నిజానికి ఒక్కరే ఉన్నప్పటి మాట. పూర్వం రాజులు తమ గురించి చెప్పుకోవడానికి వాడేవారు, ఇప్పుడు అరుదు. అరుదేం ఖర్మ, రోజూ ఉన్నదే, అనుకుంది. కింద రాసింది: "అంట్లు మేమే తోముకున్నాం. మాలో ఉన్నది నేనొక్కదాన్నే."

మొన్న పుస్తకం అట్ట నమూనా వచ్చింది. ఆయన పేరొక్కటే ఉంది. మొగుడి పేరే ఆడదాని పేరు అనేది అత్తగారు. పోనీలే అనుకుంది కానీ, రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

కాఫీ ఇస్తుండగా అచ్చువాళ్ల దగ్గర ప్రూఫులు దిద్దే అమ్మాయి ఫోన్ చేసింది. ఆయన స్పీకర్ పెట్టాడు.

"సార్, ఉదాహరణల్లో ఒకావిడ ఉందండీ. 'హాట్' దగ్గర చెయ్యి కాల్చుకుంటుంది. 'మిస్‌క్యారీ' దగ్గర ఐదో నెలలో కడుపులోనే బిడ్డ పోతుంది. 'నెక్స్ట్' దగ్గర, మర్నాడే లేచి ఇంటిల్లిపాదికీ వండుతుంది. చదువుతుంటే ఏడుపొచ్చేసింది సార్. ఎవరండీ ఆవిడ?"

ఆయన నవ్వాడు. "ఎవరూ లేరమ్మా. ఊరికే రాసుకున్న వాక్యాలవి."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. దాచడం లేదు. ఆ ఐదో నెల ఆయనకు నిజంగానే గుర్తులేదు. పేరు లేకపోయినా బతికేది; ఇది మాత్రం భరించలేకపోయింది. కప్పు బల్ల మీద పెట్టి ఫోన్ దగ్గరికి వంగింది.

"ఆవిడ నేనేనమ్మా. ఆ కార్డులు రాసిందీ నేనే, పుస్తకం మీద నా పేరు వెయ్యండి. పోయిన ఆ బిడ్డ ఒక్కటే మా ఇద్దరిదీ."